పావగడ సీమలో నీళ్లను విన్న తొమ్మిది రోజులు

పావగడకు పని లేకుండా ఎవరూ పోరు. నేనూ పని మీదే పోయాను. తిరిగి వచ్చి రెండు నెలలు దాటింది. ఆ సీమ ఎరిగినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎరగనివాళ్లకోసం, ముఖ్యంగా బెంగుళూరులో కుళాయి తిప్పి, ధార సన్నగా వస్తోందని విసుక్కునే నా బోటివాళ్లకోసం ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగం నీళ్లను పరీక్షించడం. పరీక్ష అంటే రుచి చూడటం కాదు. నా దగ్గర ఒక కొయ్యపెట్టె ఉండేది. అందులో రెండు చిన్న లోహపు రేకులు బిగించిన గాజుగొట్టం, ఒక బ్యాటరీ, దోమలా గుయ్యిమనే చిన్న యంత్రం, కొలబద్ద మీద బిగించిన తీగ, టెలిఫోనులో చెవికి ఆనించుకునే భాగం ఒకటి. రేకుల మధ్య నీళ్లు పోసి విద్యుత్తు పంపిస్తే చెవిలో మోత వినిపిస్తుంది. తీగ మీద మీటను జరుపుతూ పోతే ఒకచోట ఆ మోత సన్నబడి ఆగిపోతుంది. అక్కడి అంకె చూసి లెక్క కడితే నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో తెలుస్తుంది. ఉప్పు నీళ్లలో విద్యుత్తు సులువుగా పారుతుంది, వాన నీళ్లలో పారనంటుంది. ఉప్పు మరీ మించితే ఆ నీళ్లలో చేప నిలవదు, కప్ప గుడ్డు పెట్టదు, ఆ నీళ్లు పెట్టిన మడి తెల్లబారుతుంది. ఎంత ఉప్పో పెట్టె చెబుతుంది గాని ఏ ఉప్పో చెప్పదు. అది చెప్పనిది కళ్లతో చూసి రాసుకోవాలి.

మోత ఆగే చోటు వెతుక్కునే పని గనుక పక్కన ఎవరూ మాట్లాడకూడదు. ఇరవై ఏళ్లుగా జనాన్ని నోరు మూసుకోమంటూనే ఉన్నాను. భార్య పోయిన ఈ రెండేళ్లలో ఇంట్లో ఆ మాట అనవలసిన అవసరం కూడా లేకపోయింది.

హిందూపురం

మైసూరు సంస్థానంలో రైలెక్కి, బ్రిటిషు సీమలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో మళ్లీ మైసూరు సంస్థానంలోకి పోవాలి. పావగడ తాలూకాకు దాదాపు చుట్టూరా మద్రాసు రాజధానే. మన ఇంట్లో గదికి మనం పొరుగింటి వసారాలోంచి పోవలసి వచ్చినట్టు ఉంటుంది.

స్టేషను ఎదుట హోటల్లో కాఫీ అణా. పంచదారకు కరువు గనుక బెల్లం వేశారు. బాగుందనలేను, కాని వేడిగా ఉంది. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక, బస్సు వెనక బొగ్గు కొలిమి కట్టుకుని, ఆ గ్యాసుతో తిరుగుతోంది. ప్రతి మిట్ట దగ్గరా మగవాళ్లందరినీ దించి తోయించారు. మూడో మిట్ట దగ్గర నేను కాలు జారి మోకాలు కొట్టుకున్నాను. ఎవరో ఆముదం రాయమన్నారు, ఇంకెవరో రాయవద్దన్నారు. ఇద్దరూ వాదించుకుంటూ నన్ను మరిచిపోయారు.

పొలిమేరలో ఒక జవాను నా పెట్టె తెరిపించాడు. టెలిఫోను ముక్క కనబడేసరికి అతని మీసం నిక్కింది.

"ఏంది ఇది? వైర్‌లెస్సా?"

"నీళ్లు పరీక్ష చేసేది."

"నీళ్లకు టెలిఫోను ఎందుకప్పా?"

బస్సంతా నవ్వింది. వినిపిస్తే గాని వదిలేట్టు లేడు. అతని కుండలో నీళ్లే గొట్టంలో పోసి చెవికి పెట్టాను. జవాను కళ్లు మూసుకుని విన్నాడు. "ఏందో ఏడుస్తాండాది లోపల," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత బస్సులో వాళ్లందరికీ వినాలనిపించింది. యుద్ధంలో బ్యాటరీ దొరకడమే గగనం, ఉన్నదొక్కటి. దాన్ని సగం అక్కడే కర్చు పెట్టాను. కోపం వచ్చింది గాని, ఆ పూట నాతో అంతమంది మాట్లాడారని తర్వాత గుర్తు చేసుకుని సంతోషించాను.

పావగడ

ఊరి నెత్తిన పెద్ద బండకొండ. సాయంత్రం దాకా ఎండ తాగి, చీకటి పడ్డాక ఊరి మీదికి సెగ వదులుతుంది. హోటల్లో పప్పు పలుకు పలుకుగా ఉంది. అడిగితే యజమాని ఏమీ నొచ్చుకోలేదు.

"బేడలు ఉడకవు సామీ, నీళ్ల గుణం. పొద్దున్నించి పొయ్యి మిందనే ఉండాయి," అన్నాడు.

తాలూకా అధికారి అమల్దారు కచేరిలో గుమాస్తా రెండు ఊళ్ల పేర్లు రాసిచ్చాడు. ఒకటి నిడుగల్లు కొండ కింది పల్లె, రెండోది రాయచెర్లు. ఈ ఏడు ఆ రెంటిలో ఒక్క ఊరికే కొత్త బావి. ఏ ఊరి నీళ్లు ఎక్కువ చెడ్డవని నేను రాస్తే ఆ ఊరికి. తిరగడానికి ఒక జత ఎద్దుల బండిని కుదిర్చాడు. బండివాడు రంగప్ప, యాభై ఏళ్లవాడు. నోట్లో ఎప్పుడూ ఆకువక్క. మాటకు ముందు ఒకసారి ఉమ్మి, మాట తర్వాత ఒకసారి ఉమ్మేవాడు.

ఆ సాయంత్రం నేను బస చేసిన ముసాఫరుఖానాలో కూర్చుని, క్షేమంగా చేరానని ఇంటికి కార్డు రాయబోయాను. విలాసం రాసే చోట కలం ఆగిపోయింది. అటునుంచి చదివేవాళ్లు ఎవరూ లేరు. ఆ కార్డు మీద మోకాలి వాపుకు మందుల పేర్లు రాసుకున్నాను.

నిడుగల్లు

పొద్దున బయల్దేరితే వాలుపొద్దుకు చేరాం. దారికి రెండువైపులా శెనక్కాయ చేలు, పీకిన చెట్లు కుప్పలుగా. మైళ్ల తరబడి మనిషి లేడు, గొర్రెల మంద ఒకటి తప్ప. మా వైపు చేలల్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కేకేస్తూనే ఉంటారు. ఇక్కడ కేక వేసినా పలికేందుకు కొండే ఉండాలి. పైన పాత కోట, కింద పాతిక ఇళ్ల పల్లె.

పటేలు ఊళ్లో లేడు. దిగుడు బావికి దగ్గరి ఇల్లు లచ్చుమక్కది. ముప్పై ఐదేళ్లుంటాయి. ఇంట్లో ఆమె, నడుము వంగిపోయిన అత్త, ఇద్దరే. భర్త గొర్రెలను తోలుకుని అనంతపురం వైపు పోయినాడని చెప్పింది.

"ఎప్పుడు వస్తాడు?"

"కార్తీకంలో ఒక నెల ఉండి పోయినాడు సామీ. ఈ నీళ్లు తాగితే గొర్రెలు ఈసుకపోతాండాయని యాడ నీళ్లుంటే ఆడనే ఉంటాడు. ఏడాదికి పదకొండు నెలలు ఆడనే. కొత్త బావి పడితే ఈడనే ఉంటానని చెప్పినాడు." నా పెట్టెవైపు చూసి అడిగింది. "బావి ఇస్తారా సామీ?"

ఈసుకపోవడమంటే కడుపులో పిల్ల నిలవకపోవడం. ఫలితం ఊళ్లో చెప్పకూడదని మా ఆఫీసు నియమం. "పై నుంచి తెలుస్తుందమ్మా," అన్నాను. ఇరవై ఏళ్లలో ఎన్ని ఊళ్లలో ఆ మాట అన్నానో.

మర్నాడు పొద్దున బావి గట్టున నిలబడి చూశాను. ముప్పై నలభై మెట్లు, అడుగున ఆకుపచ్చని నీళ్లు. తడి తగిలే మెట్లకు సున్నం కొట్టినట్టు తెల్లని పొర. కప్ప లేదు. చేప లేదు. నీళ్ల మీద నడిచే పురుగులైనా లేవు. అదంతా పుస్తకంలో రాసుకున్నాను. నీళ్లు పరీక్షించేవాడే దిగి తన చేత్తో ముంచుకోవాలి, అది నియమం. మోకాలు అరటికాయంత వాచి ఉంది. మెట్లు దిగకుండానే వెనక్కి వచ్చాను.

"లచ్చుమక్కా, నీళ్లు కావాలి, ఈ గాజుగొట్టంలో పోయడానికి," అన్నాను.

ఆమె గొట్టాన్ని, రేకులను, పెట్టెను కాసేపు చూసింది. ఇత్తడి బిందె తోముకుని పోయింది. చాలాసేపు రాలేదు. నేను ఇంటి అరుగు మీద మోకాలు చాపుకుని కూర్చున్నాను. రంగప్ప ఎద్దుల మెడలు గోకుతున్నాడు. ఎంతసేపు తోముతుందమ్మా బిందె అని విసుక్కున్నాను కూడా.

నీళ్లు వచ్చాయి. అందరినీ మాట్లాడవద్దన్నాను. మీట జరిపాను. మోత తీగకు ఆ చివర ఎక్కడో ఆగింది. మళ్లీ చూశాను, అంతే. ఉప్పు దాదాపు లేదు. మా బెంగుళూరు కుళాయి నీళ్లకన్నా మెరుగు. తెల్లబారిన మెట్లు గుర్తొచ్చాయి, కప్ప లేని నీళ్లు గుర్తొచ్చాయి. పెట్టె అబద్ధమాడదు కదా అనుకున్నాను. "నీళ్లు మంచివి" అని రాసి, సంతకం పెట్టి, పావగడకు తిరిగిపోయి, ఆ కాగితాన్ని టపాలో వేశాను.

రాయచెర్లు

ఇది పావగడకు మరో దిక్కున. నేల ఇంకా ఎర్రన, రాయి ఇంకా నల్లన. ఊరి పెద్ద, గొర్రెల కాపరి మల్లప్ప ఇంట్లో దిగాం. డెబ్బై దాటిన మనిషి, పళ్లన్నీ ఉన్నాయి గాని ప్రతి పంటికీ గోధుమరంగు చార. ఇక్కడ బావికి గిలక ఉంది గనుక చేదతో నేనే తోడుకున్నాను. ఉప్పు ఉంది. మా ఊరి నీళ్లకు మూడింతలు ఉంటుంది. కాని బావిలో వేలంత చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి, చేద పడితే కప్పలు గోడకు ఎగిరాయి.

"చేపలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అని అడిగాను.

"మేమే వదిలినాం. కొత్త బావి తవ్వితే, పాత బావిలోవి నాలుగు చేపపిల్లలు తెచ్చి వదుల్తాం. పదైదు దినాలు అవి బతికితే మేము తాగుతాం. సస్తే ఆ నీళ్లు సేనికే," అన్నాడు మల్లప్ప.

నా పెట్టె ఖరీదులో వెయ్యోవంతు ఉండదు ఆ పరీక్ష.

మధ్యాహ్నం రాగిసంకటి, ఉలవచారు, శెనక్కాయలు నూరిన పచ్చడి, ఊరుబిండి. మా ఇంట్లో సంకటి ముద్ద నిమ్మకాయంత చేసేవాళ్లం. ఇక్కడ కొబ్బరికాయంత. తినలేక, పారేయలేక, ఊరుబిండి కారానికి కళ్లు నీళ్లు కారుతుంటే చెంబెత్తి గటగటా తాగాను. తియ్యగా, చల్లగా ఉన్నాయి.

"ఇవి మీ బావి నీళ్లు కావే," అన్నాను.

"చెలమ నీళ్లు సామీ," అన్నాడు మల్లప్ప. "నా కోడలు ఏటి ఇసకలో తవ్వి తెచ్చింది, మూడు మైళ్లు. ఇంటికి వచ్చినోళ్లకు బావి నీళ్లు ఇస్తామా ఏంది?"

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. అరుగు కింద కూర్చున్న రంగప్పవైపు చూశాను.

"రంగప్పా, నిడుగల్లులో లచ్చుమక్క తెచ్చిన నీళ్లు ఎక్కడివి?"

"కొండ మింద దొనవి సామీ," అన్నాడు వాడు, ఇందులో అడిగేదేముంది అన్నట్టు. దొన అంటే బండల మధ్య వాన నీళ్లు నిలిచే గుంట. "అంత ఎత్తుకెక్కి తెచ్చింది పాపం. ఉగాది లోపలే ఎండిపోతాది అది. చుట్టాలకని ఎత్తిపెట్టుకుంటారు."

"నీకు తెలిసీ చెప్పలేదేం?"

"చెప్పేదానికి ఏముండాది సామీ? మర్యాద కదా. మీకు తెలుసనుకుంటి."

వాడి మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. బావి గట్టున నిలబడి నేను కళ్లారా చూసిందంతా పుస్తకంలో ఉంది. తెల్లని పొర ఉంది, చచ్చిన నీళ్లు ఉన్నాయి. అన్నీ రాసుకుని, వాటికన్నా చెవిలో మోతనే నమ్మాను. వాన నీళ్లు పరీక్షించి బావి నీళ్లు మంచివని సంతకం పెట్టాను. నా సంతకంతో ఆ పల్లెకు బావి పోయింది. లచ్చుమక్క భర్త ఇంటికి రాడు.

ఇంకొక చిక్కు ఉంది. నా తప్పు అట్లాగే ఉంటే బావి రాయచెర్లుకు వస్తుంది, నాకు సంకటి పెట్టిన మల్లప్పకు. దిద్దితే అతనికి పోతుంది. నియమం పక్కన పెట్టి ఆ మాట అతనితోనే చెప్పాను. ముసలాయన లేచి బావిదాకా పోయి, లోపలికి తొంగి చూసి వచ్చాడు. అంత సులువుగా సరేనంటాడని నేనూ అనుకోలేదు.

"మాకూ కావాల బావి," అన్నాడు చివరికి. "వద్దని ఎట్ల చెప్పేది? మా చేపలు ఇంకా బతికే ఉండాయి, అది నిజం. పో సామీ. పొద్దు పోతాండాది."

మళ్లీ నిడుగల్లు

సోమవారం ఆఫీసులో ఉండాలి నేను. బండి మాత్రం నిడుగల్లు వైపు పోతోంది. మొదటిసారి ఆ దారిన పోతూ నేను రంగప్పతో పది మాటలు మాట్లాడి ఉండను. ఈసారి దారి పొడుగునా మాట్లాడాను. నా భార్య పోయిన సంగతి అతనికే మొదట వివరంగా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. అతను ఉమ్మడం మానేసి విన్నాడు.

లచ్చుమక్క మమ్మల్ని చూసి నవ్వుతూ ఎదురొచ్చింది. చేయి సాయం ఇమ్మన్నాను. ఆమె పెట్టె పట్టుకుంది, నేను గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే కూర్చుని, లేచి దిగాను. ఆఖరి మెట్టు మీద నా చేత్తోనే నీళ్లు ముంచి గొట్టం నింపాను. బ్యాటరీ చావుకు దగ్గరగా ఉంది. పైన గుమిగూడిన ఊరి ఆడవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టారు. మోత ఈగ రెక్కంత సన్నగా వినిపించింది. ఈసారి అది ఆగింది తీగకు ఇటు కొసన. రాయచెర్లు నీళ్లకు ఇది ఇంకా రెండింతలు.

"మీ నీళ్లు చాలా చెడ్డవి, లచ్చుమక్కా," అన్నాను.

"అది మాకు తెలీదా సామీ? అది చెప్పేదానికి మళ్లా వచ్చినారా?"

అప్పుడు చెప్పాను, ఆవాళ ఏం రాసి పంపానో, దానివల్ల ఏమవుతుందో. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నేను మీ గాజు పాడైపోతాదని... మా బిందెలే తెల్లగా పుచ్చిపోతాయి ఈ నీళ్లకు. అంత ఖరీదు సామానులో ఇవి ఎట్ల పోసేది అనుకుంటి. కుంటుతా వచ్చినారు, తాగుతారేమో అనుకుంటి." తలెత్తి నన్ను చూసింది. "నేను చేసిన మర్యాదకు నా మొగుడు ఇంటికి రాడా సామీ?"

"తప్పు నీది కాదమ్మా. ఈ మెట్లు దిగవలసింది నేను. దిగలేదు."

అక్కడే కూర్చుని కాగితం తీశాను. మొదట పంపిన ఫలితం తప్పు అని, ఆ నీళ్లు బావివి కావు అని, నేను స్వయంగా తోడలేదు అని రాశాను. మూడో వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. అది రాయకుండా కూడా ఉత్తరం సరిపోయేదే. కాని అది లేకపోతే, ఊరివాళ్లు నన్ను మోసం చేశారని పైవాళ్లు అనుకుంటారు.

ఆ ఉత్తరం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సమయానికే చేరింది. పై అధికారి నన్ను పిలిచి, తిట్టలేదు, "ఇకమీద లోపలి పని చూసుకోండి" అన్నారు. పెట్టె ఇప్పుడు మరొకరి చేతిలో ఉంది. నాకు ఇంక ప్రయాణాలు లేవు. బావి నిడుగల్లు పల్లెకే మంజూరైంది, తవ్వకం మొదలైందని కచేరి గుమాస్తా కార్డు రాశాడు. కొత్త నీళ్లు ఎట్లాంటివి పడతాయో తెలియదు. చేపపిల్లలు తెచ్చి వదలమని జవాబు రాశాను.

ఆ రోజు మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. లచ్చుమక్క కళ్లు తుడుచుకుని, బిందె చంకనెత్తుకుని కొండదారి పట్టబోయింది.

"ఎక్కడికి?"

"మీకు నీళ్లు తేవాల కదా సామీ."

"వద్దు. బావి నీళ్లే ఇవ్వు."

"అయ్యో, వచ్చినోళ్లకు అవి ఎట్ల ఇచ్చేది? ఇంట్లోవాళ్లం గనక మేము తాగుతాం..."

"నన్నూ ఇంట్లోవాణ్ణే అనుకో."

ఆ మాట అనాలని నేను అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆమె అత్తవైపు చూసింది. నడుము వంగిన ముసలమ్మ గడపలో కూర్చుని అంతా వింటోంది.

"ఇయ్యే, అడుగుతాండాడు కదా," అంది.

చెంబుతో ఇచ్చింది. ఉప్పన, వెనక చేదు. గొంతు దిగనన్నాయి. ఆపకుండా తాగి, చెంబు ఖాళీ చేశాను. భార్య పోయినప్పటినుంచి హోటళ్లలో, ఆఫీసులో, చుట్టాల ఇళ్లలో ఎక్కడ అడిగినా నాకు మంచి నీళ్లే ఇచ్చారు. అన్నీ వచ్చిపోయేవాడికి ఇచ్చిన నీళ్లే. అది తలుచుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉప్పు నీళ్లకు పొలమారిందని వాళ్లు అనుకుని ఉంటారు.

ముసలమ్మ నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

"తాగినావు కదా నాయనా. ఇంక ఊరికే కూర్చుండేది ఏంది? సంకటి అయ్యేలోపల ఆ శెనక్కాయలు ఒలుచు," అని చేట నా ముందుకు తోసింది.

రంగప్ప ఎద్దులను విప్పాడు. నేను చేట దగ్గరికి లాక్కుని ఒలవడం మొదలుపెట్టాను.